శుక్రవారం రాత్రి మీద యూనివర్సిటీల కన్ను



మొన్న మన గ్రూపులో ఒక అన్న ఫొటోలు పెట్టాడు. అమెరికాలో తను చదివే యూనివర్సిటీలో శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ హోం గేమ్. లైట్ల వెలుగులో స్టేడియం, యూనివర్సిటీ టీషర్టుల్లో మనవాళ్ళు నలుగురు. కింద ఇలా రాశాడు: "శనివారం మొత్తం ఫ్రీగా దొరికింది. అన్ని మ్యాచ్‌లూ శుక్రవారమే పెడితే ఎంత బాగుంటుందో." నేను కూడా లైక్ కొట్టా. పది నిమిషాల తర్వాత తీసేశా. ఎందుకు తీసేశానో చెప్పడానికే ఇంత రాస్తున్నా. అన్నా, నీ ఫొటోల మీద నాకేం కోపం లేదు. ఆ ఆఖరి మాట మీదే నా గొడవ.

నా మాట ముందే చెప్పేస్తా. హైస్కూల్ ఫుట్‌బాల్ సీజన్ నడిచినన్నాళ్ళూ, అంటే సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, యూనివర్సిటీలు శుక్రవారం రాత్రి తమ మైదానంలో మ్యాచ్ పెట్టకూడదు. టీవీవాడు ఎంత ఇస్తానన్నా పెట్టకూడదు.

ఊర్లో ఉండి చదివేవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం హాస్టల్ వెనక ఒట్టి కాళ్ళతో ఆడిన ఆట కాదు. దాన్ని వీళ్ళు సాకర్ అంటారు. వీళ్ళ ఫుట్‌బాల్‌లో బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, తలకి హెల్మెట్, భుజాలకి మెత్తలు, బంతిని చేత్తో పట్టుకుని ఉరుకుడే. దేశమంతా వారాన్ని పంచుకుంది. శుక్రవారం రాత్రి హైస్కూళ్ళు, అంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలు. శనివారం కాలేజీలు, యూనివర్సిటీలు. ఆదివారం ఎన్ఎఫ్ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్. దాదాపు పది లక్షల మంది హైస్కూల్ పిల్లలు ఈ ఆట ఆడతారు. వాళ్ళ వెనక బ్యాండ్ వాయించే పిల్లలు, గేటు దగ్గర టికెట్లు చింపే టీచర్లు, హాట్‌డాగ్‌లు అమ్మే తల్లిదండ్రులు, అది వేరే లెక్క.

మన సంతలు గుర్తు తెచ్చుకోండి. మా మండలంలో సంత గురువారం. పక్క మండలంలో శనివారం. అటు వైపు ఇంకో ఊరికి సోమవారం. ఎవరు రాసి పెట్టారో తెలియదు గానీ, ఒక ఊరి సంత రోజున పక్క ఊరు సంత పెట్టదు. పెడితే ఏమవుతుంది? పెద్ద ఊరికేం కాదు. చిన్న ఊరికి బట్టల వ్యాపారి రాడు, ఉప్పు చేపలవాడు రాడు, ఆటో రాదు. రెండు మూడు వారాలు అలా జరిగితే ఆ సంత ఇక లేవదు. వారంలో ఒక రోజు తనదని ఉండటమే చిన్న చోటుకి ఉన్న ఆస్తి. హైస్కూళ్ళకి శుక్రవారం రాత్రి అలాంటిదే.

ఇది నా ఊహ కాదు, ఇక్కడి చట్టంలోనే ఉంది. 1961లో స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ యాక్ట్ వచ్చింది. ఎన్ఎఫ్ఎల్ లాంటి లీగులు తమ జట్లన్నిటి టీవీ హక్కులూ కలిపి ఒకేసారి అమ్ముకోవచ్చని ఆ చట్టం వాళ్ళకి ఒక మినహాయింపు ఇచ్చింది. బదులుగా కాలేజీ ఆటలున్న శనివారాల జోలికి రావద్దంది. 1966లో సవరించి హైస్కూళ్ళని కూడా చేర్చారు. సెప్టెంబర్ రెండో శుక్రవారం నుంచి డిసెంబర్ రెండో శనివారం దాకా, శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక, హైస్కూల్ లేదా కాలేజీ ఆట జరిగే చోటుకి 75 మైళ్ళ లోపు టీవీ స్టేషన్ నుంచి ప్రొఫెషనల్ ఆట వేస్తే ఆ మినహాయింపు పోతుంది. సూటిగా నిషేధం అని రాయలేదు, కానీ అంత డబ్బున్న లీగ్ కూడా దీనికి భయపడుతుంది. 2024లో ఎన్ఎఫ్ఎల్ బ్రెజిల్‌లో ఒక మ్యాచ్ శుక్రవారం రాత్రి పెట్టింది. ఏ శుక్రవారం? సెప్టెంబర్ 6, మొదటి శుక్రవారం. చట్టం గడువు మొదలవడానికి సరిగ్గా వారం ముందు. 2023 నుంచి థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు శుక్రవారం ఒక మ్యాచ్ పెడుతున్నారు, అది తూర్పు తీరం టైం ప్రకారం మధ్యాహ్నం మూడింటికి. ఆరు దాటకూడదు కదా! చిల్లు వెతుక్కుంటున్నారు, నిజమే. కానీ చిల్లు వెతుక్కుంటున్నారంటే కంచె ఉన్నట్టే.

ఇప్పుడు చూడండి. ఆ కంచె ప్రొఫెషనల్స్‌కి మాత్రమే. కాలేజీలకి వర్తించదు. డబ్బు కోసమే పుట్టిన లీగ్ శుక్రవారం రాత్రికి దూరంగా ఉండాలి, చదువు కోసం పుట్టామని చెప్పుకునే యూనివర్సిటీ మాత్రం దర్జాగా వచ్చి కూర్చోవచ్చు. 1961లో ఎన్ఎఫ్ఎల్ నుంచి మా శనివారాన్ని కాపాడండి అన్నది కాలేజీల తరఫు వాళ్ళే. తమ రోజుకి రక్షణ దొరికాక, తమ కంటే చిన్నవాళ్ళ రోజు మీద పడ్డారు. కంచే చేను మేసినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఎలా మొదలైందో కూడా చెప్తా. చిన్న కూటముల కాలేజీలు ఎప్పట్నుంచో వారం మధ్యలో ఆడుతున్నాయి. వాటిని టీవీలో శనివారం ఎవరూ చూపించరు కాబట్టి మంగళవారమో బుధవారమో ఆడి కనిపిస్తాయి. వాటి సంగతి వేరు, వాటి మీద నాకు జాలే. పెద్దవాళ్ళ గురించే నా బాధ. బిగ్ టెన్ అనే కూటమి 2016 నవంబర్‌లో ఒక ప్రకటన చేసింది. మరుసటి ఏడాది నుంచి సీజన్‌కి ఆరు మ్యాచ్‌లు శుక్రవారం రాత్రి ఆడతాం అని. హైస్కూల్ కోచ్‌లు గోల పెట్టారు. లక్షా ఏడు వేల సీట్ల స్టేడియం ఉన్న మిషిగన్ యూనివర్సిటీ, మేం శుక్రవారం ఆడం అని అప్పుడే తేల్చి చెప్పింది. అంటే వద్దనడం కుదురుతుందన్న మాట. మిగతావాళ్ళలో చాలామంది సరే అన్నారు.

ఇంకా బాధేసే సంగతి ఒకటుంది. ఫాక్స్ ఛానల్ కొన్నేళ్ళు శుక్రవారం రాత్రి కుస్తీ షో వేసుకుంది. అదే, మనవాళ్ళు హాస్టల్ టీవీలో కళ్ళార్పకుండా చూసే డబ్ల్యూడబ్ల్యూఈ. 2024లో ఆ షో వేరే ఛానల్‌కి పోయింది. ఖాళీ అయిన గంటల్లో ఏం వేయాలి? కాలేజీ ఫుట్‌బాల్ తెచ్చి పెట్టారు. ఉత్తుత్తి కుస్తీ వెళ్ళిపోయిందని లక్షల మంది పిల్లల రాత్రి మీద చెయ్యేశారు.

ఆ ఏడాది సెప్టెంబర్ 20, శుక్రవారం రాత్రి, నెబ్రాస్కా యూనివర్సిటీ తన సొంత మైదానంలో ఇల్లినాయ్‌తో ఆడింది. ఎక్స్‌ట్రా టైంలో 31-24తో ఓడింది. ఓడటం సంగతి వదిలేయండి. ఆ రాష్ట్ర జనాభా దాదాపు ఇరవై లక్షలు. స్టేడియంలో ఎనభై వేల పైచిలుకు మంది పడతారు, 1962 నుంచి ఒక్క మ్యాచ్‌కీ టికెట్లు మిగల్లేదని వాళ్ళ లెక్క. మ్యాచ్ రోజు ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద పట్టణం అని జోక్ వేస్తారు. అలాంటి రాష్ట్రంలో శుక్రవారం రాత్రి ఎనభై వేల మందిని ఒక్క చోటికి లాగితే, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఊళ్ళలో హైస్కూల్ బల్లల మీద కూర్చునేదెవరు? అదే నెబ్రాస్కా థాంక్స్‌గివింగ్ మర్నాడు శుక్రవారం అయోవాతో ఆడితే నేనేమీ అనను. అప్పటికి అక్కడి హైస్కూల్ సీజన్ అయిపోతుంది. అందుకే సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా అన్నాను, ఏడాదంతా అనలేదు.

వేరే చోట ఆడే మ్యాచ్ టీవీలో వస్తే జనం ఇళ్ళలో ఉండిపోవచ్చు, అదీ నష్టమే. కానీ హోం గేమ్ నష్టం ఇంకో రకం. యాభై అరవై మైళ్ళ చుట్టూ ఉన్నదాన్నంతా తనలోకి లాక్కుంటుంది. రోడ్లు, పోలీసులు, అంబులెన్సులు, అంపైర్లు, స్టాళ్ళలో పనిచేసే చేతులు. నాకిది పుస్తకాల్లో తెలియలేదు.

నేను యూనివర్సిటీ భోజనశాలలో పార్ట్‌టైం చేస్తా. మ్యాచ్ రోజు మమ్మల్ని స్టేడియం స్టాళ్ళకి వేస్తారు. నాతో పాటు చేసే ఒక పెద్దావిడ ఉంది, మా అమ్మ కంటే రెండు మూడేళ్ళు చిన్నది. నేను వచ్చిన కొత్తలో చలికోటు ఎక్కడ చవకో చూపించింది ఆవిడే. ఆవిడ కొడుకు ఇక్కడికి ఇరవై మైళ్ళ దూరంలో ఒక చిన్న ఊరి హైస్కూల్‌లో చదువుతున్నాడు. ఆటగాడు కాదు, బ్యాండ్‌లో ట్రాంబోన్ వాయిస్తాడు. పోయిన ఏడాది అక్టోబర్‌లో మా యూనివర్సిటీకి శుక్రవారం రాత్రి హోం గేమ్ పడింది. పర్మినెంట్ స్టాఫ్ అందరూ రావాల్సిందే అన్నారు. కొడుకు స్కూల్‌వాళ్ళు తమ మ్యాచ్ గురువారానికి మార్చాలని చూశారు, అంపైర్లు దొరకలేదు. శుక్రవారమే ఆడారు. ఆవిడ మా స్టాల్‌లో పాప్‌కార్న్ మిషన్ పక్కన నిలబడి, ఎవరో పంపిన నలభై సెకన్ల వీడియో నాలుగైదు సార్లు చూసింది. వీడియోలో బ్యాండ్ వెనక బల్లలు సగం ఖాళీ. ఆవిడ ఏమీ అనలేదు. "సౌండ్ సరిగా రాలేదు" అంది, అంతే.

ఆ రోజు మధ్యాహ్నం నా సంగతి కూడా చెప్పాలి. పన్నెండింటికల్లా పార్కింగ్ ఖాళీ చేయమన్నారు, మూడింటి ల్యాబ్ ఆన్‌లైన్ చేశారు. ల్యాబ్ ఆన్‌లైన్ ఎలా చేస్తారో నన్నడగొద్దు. సిటీ బస్సు దారి మార్చారు. కారు లేని నాలాంటోళ్ళు రెండు మైళ్ళు నడిచారు. ఆ సెమిస్టర్ ఫీజు కోసం మా వాళ్ళు ఎవరెవరి దగ్గర అప్పు చేశారో నాకు తెలుసు. ఫీజు ల్యాబ్ కోసం కట్టాం, మ్యాచ్ కోసం కాదు.

ఇక ఎదురు వాదనలు. మనవాళ్ళే చాలామంది అన్నారు కాబట్టి జవాబు చెప్పాలి.

డబ్బు కావాలి కదా అన్నాడొక తమ్ముడు. నిజమే. 2025 జూలై నుంచి ఇక్కడి కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, ఒక్కో కాలేజీకి మొదటి ఏడాది పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఆటగాళ్ళకి ఇవ్వాల్సిందే, ఇన్నేళ్ళు ఇవ్వకపోవడమే అన్యాయం. కానీ ఆ డబ్బు ఎవరి జేబులోంచి రావాలి? హైస్కూల్ గేటు దగ్గర టికెట్ ఐదు నుంచి పది డాలర్లు. చాలా స్కూళ్ళలో ఆ గేటు డబ్బుతోనే ఆడపిల్లల వాలీబాల్ జట్టుకీ, పరుగుపందెం పిల్లలకీ ఖర్చులు వెళ్తాయి. సీజన్‌కి పది ఆటలు, అందులో సొంతూళ్ళో ఐదే. ఒక్కటి పాడైతే ఐదో వంతు పోయినట్టు. యూనివర్సిటీకి టీవీ డబ్బులో అది కనపడను కూడా కనపడదు.

హైస్కూళ్ళే గురువారానికో శనివారానికో మారొచ్చు కదా అన్నారు ఇంకొకరు. గురువారం రాత్రి పది దాటాక బస్సులో ఇంటికొచ్చిన పిల్ల మర్నాడు ఎనిమిదింటికి పరీక్ష రాయాలి. బ్యాండ్‌తో కలిపి వందమంది పిల్లల సంగతి ఇది. శనివారం పెడదామంటే పొద్దుట్నుంచి రాత్రి దాకా టీవీలో కాలేజీ ఆటలే, పైగా హైస్కూల్ అంపైర్లలో కొందరు ఆ రోజు చిన్న కాలేజీల ఆటలకి వెళ్తారు. అసలు ఎప్పుడు చూసినా చిన్నవాడే ఎందుకు జరగాలి? రోజు వాడిది. కావాలన్నది పెద్దవాడు.

ఇంకో తమాషా ఉంది. యూనివర్సిటీ కోచ్‌లు శుక్రవారం రాత్రుళ్ళు ఏం చేస్తారనుకున్నారు? హైస్కూల్ మ్యాచ్‌లకి వెళ్ళి, రేపు తమ జట్టులోకి ఎవరిని తీసుకోవాలా అని చూస్తారు. ఆ రాత్రే తమ మ్యాచ్ పెట్టుకుంటే ఆ పిల్లల్ని చూడలేరు, ఆ పిల్లలూ వీళ్ళ ఆట చూడటానికి రాలేరు. శనివారం ఎనభై వేల మంది చప్పట్లు కొట్టే కుర్రాడు ఐదొందల మంది ముందు ఆడిన శుక్రవారాల్లోంచే వచ్చాడు. విత్తనాల వడ్లు దంచుకుని తింటున్నారు, ఇంకేం అనాలి.

అన్నిటికంటే ఎక్కువ వచ్చిన మాట, "వాళ్ళ ఆట గొడవ ఆదివాసీలకెందుకు?" దీనికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆటలో ఆదివాసీల చరిత్ర మనలో చాలామందికి తెలియదు.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అనే ఊర్లో 1879లో ఒక బోర్డింగ్ స్కూల్ పెట్టారు, కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్. దేశం నలుమూలల తెగల పిల్లల్ని రైళ్ళలో తెచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, సొంత భాష మాట్లాడకుండా చేసిన బడి. ఆశ్రమ పాఠశాలలో చదివినోళ్ళం, మనకి ఆ బాధ ఎంతో కొంత తెలుసు. ఆ పిల్లలే ఫుట్‌బాల్ నేర్చుకుని 1911లో హార్వర్డ్‌ని 18-15తో ఓడించారు. 1912లో సైనిక అకాడమీ జట్టుని 27-6తో కొట్టారు. ఆ సైనిక జట్టులో తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఆడాడు. కార్లైల్ జట్టులో శాక్ అండ్ ఫాక్స్ తెగకి చెందిన జిమ్ థోర్ప్ ఉన్నాడు. అదే ఏడాది స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచినవాడు. అంతకు ముందు ఎప్పుడో చిన్న బేస్‌బాల్ జట్టులో కొద్దిపాటి డబ్బు తీసుకుని ఆడాడని 1913లో ఆ పతకాలు లాగేసుకున్నారు. ఒంటరి విజేత తనేనని ఒలింపిక్ కమిటీ మళ్ళీ ఒప్పుకునేసరికి 2022 వచ్చింది. మనిషి 1953లోనే పోయాడు. చిల్లర డబ్బు తీసుకున్నాడని ఆదివాసీ పిల్లాడి పతకం లాక్కున్న దేశంలో ఇప్పుడు కోట్ల డాలర్ల కోసం వారాల పంపకమే మార్చేస్తున్నారు.

నాకు ఇంకో సంగతి ఎక్కువ గుచ్చుకుంది. కార్లైల్ జట్టు చాలా ఆటలు బయటి ఊళ్ళలోనే ఆడేది. సొంతూళ్ళో ఆడితే గేటు డబ్బు రాదు, పెద్ద నగరాల్లో ఆడితే వస్తుంది. అంత గొప్ప జట్టుకి హోం గేములు బహు తక్కువ. అమ్మానాన్నలు ఎక్కడో వందల మైళ్ళ అవతల. ఆ పిల్లల్లో ఎంతమంది ఆటని సొంత మనుషులు చూసి ఉంటారు?

ఇప్పుడు రిజర్వేషన్లలో (ఇక్కడ ఆ మాటకి కోటా అని అర్థం కాదు, తెగలకి మిగిలిన నేల అని అర్థం) సొంత హైస్కూళ్ళున్నాయి, సొంత జట్లున్నాయి. చెరోకీ హైస్కూల్ జట్టు 2017లో నార్త్ కరోలినాలో తమ స్థాయిలో రాష్ట్ర ఛాంపియన్ అయింది. పడమటి రాష్ట్రాల రిజర్వేషన్లలో ఒక బయటి మ్యాచ్ అంటే బస్సులో మూడు నాలుగు గంటల ప్రయాణం. వాళ్ళని గురువారానికి జరగమని చెప్పండి చూద్దాం. వందేళ్ళ తర్వాత తమ పిల్లల ఆట తమ నేల మీద, తమ కళ్ళ ముందు చూసుకునే రాత్రి ఒకటి దొరికింది వాళ్ళకి. అది శుక్రవారమే.

నా సొంత గొడవ ఒకటి చెప్పి ఆపేస్తా. తొమ్మిదో తరగతిలో నేను ఆశ్రమ పాఠశాల కబడ్డీ జట్టులో ఉన్నా. ఫైనల్ గురువారం అన్నారు, అంటే సంత రోజు. మా నాయనకి కబురు పంపా. చింతపండు అమ్ముకోవడానికి ఎలాగూ సంతకొస్తాడు, అటు నుంచి బడికి నడిచొస్తాడు. బుధవారం రాత్రి చెప్పారు, ఎవరో పెద్దసారు శుక్రవారమైతే వస్తానన్నాడట, ఫైనల్ శుక్రవారానికి మార్చామని. నాయన గురువారం వచ్చి గేటు దగ్గర గంటసేపు కూర్చుని, నాకు రెండు అరటిపళ్ళిచ్చి, చీకటి పడక ముందే వెళ్ళిపోయాడు. మర్నాడు మేం గెలిచాం. ఆ సారు మూడింటికొచ్చి కప్పు ఇచ్చి నాలుగింటికి వెళ్ళిపోయాడు. నాయన ఆ తర్వాత నా ఆట ఎప్పుడూ చూడలేదు, కుదరలేదు.

ఈ ఏడాది మా యూనివర్సిటీ షెడ్యూల్ వచ్చింది. మళ్ళీ అక్టోబర్‌లో ఒక శుక్రవారం రాత్రి హోం గేమ్ ఉంది. ఆ పెద్దావిడ కొడుకు ఇప్పుడు పన్నెండో తరగతి. సరిగ్గా ఆ రాత్రే వాళ్ళ స్కూల్‌లో సీనియర్ నైట్. అంటే ఆఖరి ఏడాది పిల్లలు అమ్మానాన్నలతో కలిసి మైదానం మధ్యలోకి నడిచే రాత్రి. స్టూడెంట్ సెనేట్‌కి, అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌కి రెండు ఉత్తరాలు రాశా. ఒకదానికి జవాబు రాలేదు, రెండోదానికి మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది. ఇక్కడి యూనివర్సిటీల్లో చదివే మన గ్రూపువాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు, మీ మీ చోట్ల కూడా రాయండి. ఉత్తరం నమూనా కావాలంటే పంపిస్తా.

ఈలోగా మా సూపర్‌వైజర్‌ని అడిగి ఆ రోజు ఆవిడ షిఫ్ట్ నేను తీసుకున్నా. మా వీసాలకి వారానికి ఇరవై గంటలే కదా, అందుకని ఆ వారం మంగళవారం, బుధవారం పని వదులుకున్నా. ఆవిడకి నిన్న చెప్పా. ముందు నమ్మలేదు. తర్వాత ఆ రోజు నేను పాప్‌కార్న్ మిషన్ సరిగా కడుగుతానో లేదో అని రెండుసార్లు అడిగింది.